రంగు మారని పట్టీ

మా అక్క కూతురు డెల్మా చదువు ముగించుకుని రాజధాని మోర్స్‌బీనుంచి తిరిగొచ్చిన రోజు పడవలోంచి ముందుగా దించింది బట్టల సంచి కాదు, ఒక నీలం రంగు మంచుపెట్టె. నదిలో రెండు రోజుల ప్రయాణమంతా దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చుందట. ఒడ్డున నిలబడ్డవాళ్లు అందులో ఐస్‌క్రీము ఉంటుందని ఆశపడ్డారు. మూత తీస్తే ఒక రేకు డబ్బా, డబ్బా నిండా వేలెడంత కాగితం పట్టీలు, పక్కన మందు సీసాలు కొన్ని. వచ్చినవాళ్లు నిట్టూర్చి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

నా పేరు ఈనోక్. మా యంబరె ఊళ్లో వైద్యశాల చూసుకుంటాను. రేకుల కప్పు కింద రెండు గదులు, సోలార్ పలకతో నడిచే ఒక ఫ్రిజ్, నేను, ఇంతే వైద్యశాల. నేను డాక్టర్ని కాను. రెండేళ్లు శిక్షణ తీసుకున్నాను, ముప్పై ఏళ్లుగా సూదులు వేస్తున్నాను. డెల్మా చిన్నప్పుడే ఆమె తండ్రి పోయాడు. మాలో మేనమామ మాటకు తండ్రి మాటంత బరువుంటుంది కాబట్టి ఆమెను చదువుకు పంపాలన్నది నా నిర్ణయమే.

కుయారి నది ఎగువన, కొండల్లో, గని తవ్వడం మొదలుపెట్టి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. రాయిని పిండి చేసి రాగి, బంగారం తీసుకుని, మిగిలిన బూడిద రంగు మడ్డిని నదిలోకే వదిలేస్తారు. నా చిన్నతనంలో ఈదుకుంటూ దాటిన చోట ఇప్పుడు మోకాలి లోతు మించదు. ఒడ్డు వెంట మాకు తిండి పెట్టే సగ్గు చెట్లు నిలువునా ఎండిపోయాయి. నది నీళ్లు తాగడం మానేసి చాలా ఏళ్లయింది. మా గొంతులు తడిపేవి రెండే: ఇళ్ల పక్కన వాన నీళ్లు పట్టే ట్యాంకులు, ఊరి వెనక అడవిలోంచి వచ్చి నదిలో కలిసే తుమ వాగు. గనివాళ్లు ఏటా ఒక నివేదిక పంపేవారు. నీళ్లలో లోహాలు పరిమితికి లోబడే ఉన్నాయని అందులో ఉండేది. ఆ నీళ్లు ఎక్కడ ముంచారో, ఏ రోజు ముంచారో మాకెవరికీ తెలియదు. దాన్ని నేను గోడకు అంటించేవాణ్ణి. చెదలు తినేవి.

మర్నాడు డెల్మా వైద్యశాల వరండాలో కూర్చుని ఊరివాళ్లకు పట్టీల సంగతి చెప్పింది. చమ్మకాయ గింజల్లాంటి గింజల్నుంచి ఒక ఎంజైము తీసి, దాన్ని కాగితం మీద ఆరబెడతారట. పరీక్షించే నీళ్లలో కాస్త యూరియా కలిపి పట్టీ ముంచితే, ఆ ఎంజైము యూరియాను విరగ్గొట్టేస్తుంది. అప్పుడు పసుపు పట్టీ గులాబీ రంగుకు తిరుగుతుంది. కానీ నీళ్లలో రాగి, పాదరసం, కాడ్మియం లాంటివి ఉంటే అవి ఎంజైముకు అతుక్కుని దాన్ని పని చెయ్యనివ్వవు. పట్టీ పసుపుగానే ఉండిపోతుంది. రంగు మారితే మంచిది, మారకపోతే చెడ్డది.

ముందు వరసలో వక్క నములుతూ కూర్చున్న కెసియా ముసలమ్మ అంతా విని, "ఆరేళ్లు చదివి చిక్కుడు గింజలు నూరడం నేర్చుకొచ్చావుటే" అంది. అందరూ నవ్వారు. డెల్మా కూడా నవ్వింది. ఆవిణ్ణి ఊరంతా బుబు అని పిలుస్తారు, నాయనమ్మ అన్నట్టు.

ఆ రోజే మూడు చోట్ల నీళ్లు తెచ్చి చూపించింది. ట్యాంకు నీళ్లలో పట్టీ పది నిమిషాల్లో గులాబీ అయింది. తుమ వాగు నీళ్లలోనూ అయింది. నది నీళ్లలో పసుపుగానే ఉంది. "నది చెడిందని చెప్పడానికి ఇంత తతంగమెందుకు, నా కాళ్ల మీద పుండ్లు చూస్తే సరిపోయేది" అంది బుబు. మళ్లీ నవ్వారు. అయినా ఆ మూడు పట్టీలూ చేతులు మారి మారి ఊరంతా తిరిగాయి. మా నీళ్ల గురించి మా పిల్ల, మా ఎదురుగా తేల్చి చెప్పడం అదే మొదటిసారి. బయటికి నవ్వినవాళ్లే ఇంటికెళ్లి ఆ మాట పదిసార్లు చెప్పుకున్నారు.

ఆమె పనిలో రెండు నియమాలుండేవి. పట్టీలు చల్లగా ఉండాలి, వేడి తగిలితే ఎంజైము చచ్చిపోతుంది. రెండోది, ఏ నీళ్లు పరీక్షించినా పక్కనే మంచివని ఖాయంగా తెలిసిన నీళ్లలో ఇంకో పట్టీ ముంచాలి. దాన్ని ఆమె సాక్షి పట్టీ అనేది. సాక్షి గులాబీ అయితేనే మిగతా పట్టీ మాట నమ్మాలి. దానికోసం డిస్టిల్డ్ వాటర్ సీసాలు ఆరు తెచ్చుకుంది. పట్టీలు మా వైద్యశాల ఫ్రిజ్‌లో, టీకాల పక్కన పెట్టుకోనిచ్చాను. రోజూ పొద్దున్నే వాగుకు వెళ్లేది, పట్టీ ముంచేది, నోటుపుస్తకంలో తేదీ, చోటు, రంగు రాసుకునేది.

ఆ ఏడు, అంటే రెండు వేల పదిహేనులో, వానలు మొహం చాటేశాయి. జూన్ తరవాత చుక్క పడలేదు. ఆగస్టు వచ్చేసరికి ట్యాంకుల్ని వేలితో కొడితే ఖంగుమని మోగేవి. తోటల్లో చిలగడదుంప తీగలు మాడిపోయాయి. నది ఎంత సన్నబడిందంటే పెద్ద పడవలు రావడం మానేశాయి. డెల్మా తెచ్చిన సీసాలు ఒక్కొక్కటే అయిపోయాయి. తరవాత ట్యాంకు అడుగు నీళ్లను సాక్షిగా వాడింది, అవీ ఇంకిపోయాయి. మోర్స్‌బీలో తనకు చదువు చెప్పిన ప్రొఫెసరుకు రేడియోలో కబురు పెడితే, పడవ కదలగానే పంపుతామన్నారు. ఊరికి మిగిలింది తుమ వాగు ఒక్కటే. అదీ సన్నగా, రాళ్ల మధ్య పాములా పారుతోంది. పైకి మాత్రం అద్దంలా తేటగా ఉండేది.

సెప్టెంబరు రెండో వారంలో ఫ్రిజ్ బ్యాటరీ చచ్చిపోయింది. అదే వారంలో ఎగువ ఊళ్లలో తట్టు మొదలైందని జిల్లావాళ్లు చిన్న పడవలో టీకాలు పంపారు. మంచు దిమ్మలు పేర్చిన టీకాల పెట్టెలో నలభై మంది పిల్లలకు సరిపడా మందు. చుట్టుపక్కల తల్లులంతా పిల్లల్ని తీసుకురావడానికి నాలుగు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఆ మంచు కరగకూడదు. డెల్మా అప్పుడు ఊళ్లో లేదు, కొండ అంచున ఉన్న ఊట బావిలో ఇంకా నీళ్లున్నాయో లేదో చూడ్డానికి వెళ్లింది. ఆమె నీలం పెట్టెలో వెయ్యడానికి వేరే మంచు లేదు, అందుకని ఆమె రేకు డబ్బా కూడా ఆ టీకాల పెట్టెలోనే సర్దుదామని చూశాను. మూత పడలేదు. ఎటు తిప్పినా పడలేదు. డబ్బా తీసి షెల్ఫు మీద పెట్టాను.

ఆమె మూడో రోజు సాయంత్రం వచ్చింది.

"ఎన్నాళ్లయింది మామా ఇది బయట పెట్టి?"

"మూడు రోజులు."

ఆ షెల్ఫు రేకుల కప్పుకు మూరెడు కిందే ఉంటుంది. ఆమె చెయ్యెత్తి అక్కడి గాలిని తాకి చూసింది. పొయ్యి మీద చెయ్యి పెట్టినట్టే ఉంటుంది అక్కడ. తట్టు సంగతి చెప్పాను, పెట్టె మూత సంగతి చెప్పాను. నేనున్నా అదే చేసేదాన్ని, అంది. కోప్పడితే బాగుండేదనిపించింది.

మర్నాడు పొద్దున ఇద్దరం వాగుకు వెళ్లాం. ఆడవాళ్లు సగ్గు మానును దంచి, ఆ పొట్టును వాగు నీళ్లతో పిసికి పిండి తీస్తున్నారు. వాళ్లకు ఎగువన నిలబడి డెల్మా పట్టీ ముంచింది. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు చూశాం. పసుపే. ఇంకోటి ముంచింది. పసుపు. మూడోది కూడా అంతే. సాక్షి పట్టీ ముంచడానికి ఊళ్లో మంచివని ఖాయంగా చెప్పగల గుక్కెడు నీళ్లు లేవు. కొబ్బరి నీళ్లు పనికిరావంది, సున్నపు రాళ్లలోంచి వచ్చే ఊట బావి నీళ్లు పట్టీని వాటంతటవే గులాబీ చేస్తాయి కాబట్టి అవీ పనికిరావంది. జెత్రో దుకాణానికి పరిగెత్తింది. అక్కడ కోలా సీసాలున్నాయి, వంటనూనె ఉంది, డబ్బా చేపలున్నాయి, మంచినీళ్ల సీసా ఒక్కటీ లేదు. "నీళ్లమ్మే తెలివుంటే నేనిక్కడెందుకుంటాను పాపా" అన్నాడట జెత్రో.

తిరిగొచ్చి నా పక్కన రాయి మీద కూర్చుంది. చేతిలో మూడు పట్టీలు.

"నీళ్లైనా చెడి ఉండాలి, పట్టీలైనా చచ్చి ఉండాలి. రెంటిలో ఏదో చెప్పలేను మామా. వాళ్లకేం చెప్పను?"

నేను ఆలోచించాను. ఆ నీళ్లొద్దంటే మిగిలేది కొండ అంచు ఊట బావి. ఎక్కడానికి నాలుగు గంటలు. పసిపిల్లల తల్లులు, ముసలివాళ్లు ఆ ఎండలో బిందెలతో ఎలా ఎక్కుతారు? వాగు నీళ్లు నా కళ్లెదుటే తేటగా పారుతున్నాయి. పుట్టినప్పట్నుంచీ తాగుతున్న వాగు అది. పట్టీలేమో మూడు రోజులు పెనం మీద కాలినట్టు కాలాయి, కాల్చింది నేనే. ఏది చెడి ఉంటుందో ఎవరైనా చెప్పేస్తారు అనుకున్నాను.

"ఊరికే జనాన్ని భయపెట్టకు. వాగుకేమీ కాలేదు. నీ కాగితాలే పాడయ్యాయి" అన్నాను.

ఆ మాట నేను ఎందుకంత గట్టిగా అన్నానో తరవాత చాలాసార్లు తవ్వి చూసుకున్నాను. నీళ్లే చెడి ఉంటే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. అందుకే అవి చెడకూడదనుకున్నాను. నాకు దొరికిన జవాబు అదొక్కటే.

 డెల్మా నోటుపుస్తకం తెరిచి రాసింది. సగ్గు పిసుకుతున్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, పట్టీలు వేడికి పాడయ్యాయని, కొత్తవి వచ్చాక మళ్లీ చూస్తానని చెప్పింది. వాళ్లలో ఆమె అక్క యూనిస్ కూడా ఉంది. వీపున వేలాడే బిలుమ్ సంచిలో పద్నాలుగు నెలల కూతురు సెపోరా. మేమంతా సెపి అనేవాళ్లం. "అయితే నీళ్లు బాగున్నట్టేగా?" అని యూనిస్ అడిగింది. "బాగున్నట్టే" అంది డెల్మా.

వాగు ప్రవాహం బలంగా ఉన్నన్నాళ్లూ నదిని తన నోట్లోకి రానివ్వలేదు. మడ్డి పేరుకుని పేరుకుని నది అడుగు వాగు కంటే ఎత్తయిపోయింది. కరువుకు వాగు సన్నబడగానే నది నీళ్లు మెల్లగా ఎదురెక్కాయి. మడ్డి వాగు నోటి దగ్గరే దిగిపోయింది కాబట్టి పైన నీళ్లు తేటగానే కనిపించాయి. కరిగిన రాగి కంటికి కనపడదు కదా. ఇదంతా మాకు తరవాత అర్థమైంది.

వారం తిరిగేసరికి పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదటి రోజు ఇద్దరు, ఆ వారంలో పదకొండు మంది. కరువులో విరేచనాలు రావడం నాకు కొత్త కాదు. నీళ్లు తగ్గితే ఈగలు పెరుగుతాయి, చేతులు కడుక్కోరు, అదే అనుకున్నాను. రిజిస్టరులో అదే రాశాను. నీళ్లు బాగా తాపండి, ఎంత తాగితే అంత తాపండి అని ప్రతి తల్లికీ చెప్పాను.

యూనిస్‌కు ఆ కరువులో పాలు ఎండిపోయాయి. సెపికి సగ్గు జావ పట్టేది. పిల్ల వాంతి చేసుకుంటే మళ్లీ పట్టేది. నా మాట ప్రకారం మధ్యమధ్యలో నీళ్లు తాపేది. అయిదో రోజుకు పిల్ల ఏడవడం మానేసింది. ఆరో రోజు మధ్యాహ్నం నా బల్ల మీదే పోయింది. చేతి నరం దొరక్క నేను మూడుసార్లు పొడిచిన చోట్ల మూడు చిన్న మచ్చలున్నాయి. మరుసటి వారం ఊరి చివర ఇంట్లో ఇంకో పసిపిల్లవాడు పోయాడు.

తాటాకులతో ఏడుపు పందిరి వేశారు. చుట్టాలు ఊళ్లనుంచి వచ్చి మా ఆచారం ప్రకారం ఒంటికి బంకమట్టి పూసుకుని కూర్చున్నారు. డెల్మా కూడా పూసుకుంది. అక్క తలను ఒళ్లో పెట్టుకుని వారం రోజులు ఆ పందిరి కిందే ఉంది. వచ్చినవాళ్ల వంటకు వాడిన నీళ్లు, తాగమని ఇచ్చిన నీళ్లు తుమ వాగువే.

వాగులో ఆ మూడు పట్టీలు ముంచిన ఇరవై నాలుగో రోజున ఒక చిన్న పడవ వచ్చింది. మంచుపెట్టెలో కొత్త పట్టీలు, డజను డిస్టిల్డ్ వాటర్ సీసాలు. డెల్మా మొహం మీది మట్టి కూడా కడుక్కోలేదు. వరండాలో మూడు గ్లాసులు పెట్టింది. సీసా నీళ్లలో సాక్షి పట్టీ గులాబీ అయింది. వాగు నీళ్లలో పట్టీ పసుపుగా ఉండిపోయింది. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. ఇంకా జరగాల్సింది ఉందని నాకు తెలియదు.

ఆమె లేచి లోపలికి వెళ్లింది. షెల్ఫు మీద మూడు రోజులు కాలిన ఆ పాత రేకు డబ్బా తెచ్చింది. పాడయ్యాయని రాసుకుంది గాని పారెయ్యలేదు. అందులోంచి ఒక పట్టీ తీసి సీసా నీళ్లున్న మూడో గ్లాసులో ముంచింది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఏడో నిమిషంలో పట్టీ అంచు ఎర్రబడింది. పదో నిమిషానికి మొత్తం గులాబీ అయింది.

ఎంజైమును ఆరబెట్టేటప్పుడు దానికి ఏదో చక్కెర కలుపుతారట, వేడికి కాస్త ఓర్చుకోవాలని. ఇంత ఓర్చుకుంటుందని ఆమె అనుకోలేదు.

"ఇవి బతికే ఉన్నాయి మామా" అంది. "ఆ రోజు కూడా బతికే ఉన్నాయి."

తరవాత లేచింది. అక్క దగ్గరికి వెళ్తున్నానంది. నేను చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తావు, పోయిన పిల్ల తిరిగి వస్తుందా అన్నాను. ఆమె నన్ను విచిత్రంగా చూసింది.

"వాళ్లింకా ఆ నీళ్లే తాగుతున్నారు మామా."

యూనిస్ గుంజల మీద నిలబెట్టిన తన ఇంటి కింద, నీడలో, సగ్గు పిండి ముద్దలు ఆకుల్లో కడుతోంది. డెల్మా ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పింది. పట్టీ నిజమే చెప్పిందని, నమ్మనిది తనేనని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. నేను నిచ్చెన పక్కన నిలబడి ఉన్నాను. ముందుకు వచ్చి, ఆ మాట అనమన్నది నేనని చెప్పాలి. చెప్పకుండా నిచ్చెన చాటునే ఉండిపోయాను.

యూనిస్ ఆకు కట్టడం ఆపలేదు.

"బాగున్నట్టే అన్నావు" అంది. "నువ్వన్నావనే తాపాను. వద్దని తల తిప్పుకుంటే ముక్కు పట్టుకుని తాపాను."

అంతకు మించి ఆమె చెల్లెలితో ఆ రోజు మాట్లాడలేదు. ఆ తరవాతా మాట్లాడలేదు.

ఊరు ఆ రోజునుంచి వాగు మానేసింది. తెల్లవారకముందే ఆడవాళ్లు బిందెలతో కొండ ఎక్కేవారు, మిట్టమధ్యాహ్నానికి దిగేవారు. నడవలేని ముసలివాళ్లకు పొరుగువాళ్లు తలో చెంబు పోసేవారు. పదిహేను రోజులు అలా సాగింది. ఊట బావి కొండ అంచున ఉండేవాళ్లది. వాళ్లకూ అదే ఆధారం. రెండో వారంలో బావి అడుగు కనిపించింది. వాళ్లు మర్యాదగానే చెప్పారు, మా పిల్లలకు చాలడం లేదు, ఇక రావద్దని. అలా చెప్పిన మూడో రోజు దారికి అడ్డంగా మాను నరికి పడేశారు. వాళ్లను తప్పుపట్టలేం, మేమైనా అదే చేస్తాం.

బిందెలు మళ్లీ తుమ వాగుకు వచ్చాయి. ఈసారి అందరికీ తెలుసు.

నవంబరులో గనివాళ్లు వచ్చారు. జిల్లా అధికారి కూడా వచ్చాడు. బడి ముందు చెట్లు లేని మైదానంలో మీటింగు పెట్టారు. గని తరఫున మాట్లాడేవాడి పేరు గిడియన్. దీవులవైపు మనిషి, నెమ్మదస్తుడు, ముందుగా చనిపోయిన పిల్లల కోసం ప్రార్థన చేయించాడు. మంచినీళ్ల సీసాల పెట్టెలు కూడా తెచ్చాడు. డెల్మా తన నోటుపుస్తకం మొత్తం అతని చేతికిచ్చింది. ఇవ్వొద్దని నేను చెప్పాను. దాచుకుంటే ఎవరు నమ్ముతారు మామా, అంది.

అతను ఓపిగ్గా పేజీలు తిప్పాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు.

"ఇది నీ చేతిరాతేనా అమ్మా?"

"నాదే."

"పెద్దగా చదవనా?" అని అడిగి చదివాడు. "తుమ వాగు. మూడు పట్టీలూ పసుపు. సాక్షి లేదు. పట్టీలు మూడు రోజులు వేడిలో ఉన్నాయి. నమ్మదగినవి కావు. ఈ ఫలితం లెక్కలోకి తీసుకోకూడదు."

డెల్మా నిలబడి వివరించింది. పాత పట్టీని తరవాత పరీక్షించిన సంగతి, అది గులాబీ అయిన సంగతి అంతా చెప్పింది. జనం విన్నారు. గిడియన్ కూడా విన్నాడు. ఎగతాళి చెయ్యలేదు.

"నువ్వు నిజాయితీగల పిల్లవి. నాకందులో అనుమానం లేదు" అన్నాడు. "కానీ ఒక రోజు నమ్మొద్దని నువ్వే రాశావు, ఇంకో రోజు నమ్మమని నువ్వే అంటున్నావు. ఏ రోజు మాట తీసుకోను?"

ఆమె దగ్గర జవాబుంది. నాకు తెలుసు, చెప్పబోయింది. అప్పుడు చనిపోయిన పిల్లవాడి తండ్రి ముందు వరసలోంచి లేచి, "అవును, ఏ రోజు మాట తీసుకోవాలి?" అన్నాడు. అతను గని మనిషిని అడగలేదు, ఆమెను అడిగాడు. డెల్మా కూర్చుండిపోయింది.

నేనప్పుడు లేచాను. డబ్బా బయట పెట్టింది నేనని, జనాన్ని భయపెట్టొద్దని చెప్పింది నేనని, తప్పు నాదని అన్నాను. రెండు నెలలు ఆలస్యంగా అన్నాను. అధికారి రాసుకున్నాడు. ఫ్రిజ్ గురించి జిల్లాకు తెలియజేస్తామన్నాడు. ఆ మాటతో మీటింగు ముగిసింది. అంతసేపూ వెనక వరసలో కూర్చున్న యూనిస్ నావైపు ఒక్కసారి చూసి లేచి వెళ్లిపోయింది.

గనివాళ్లు ల్యాబు సీసాలతో మళ్లీ వచ్చి, వాగు నీళ్లు మా ఎదురుగానే వాటిలో పట్టి, సీలు వేసి, విదేశంలో ఉన్న ల్యాబుకు పంపుతామన్నారు. కాని పడవ వాళ్లను మళ్లీ తెచ్చింది డిసెంబరు చివర్లో. అప్పటికి వానలు పడ్డాయి. వాగు ఒడ్డులొరుసుకుని పారుతోంది. ఆ నీళ్లే పట్టారు. మార్చిలో నివేదిక వచ్చింది. లోహాలు పరిమితికి లోబడే ఉన్నాయని ఉంది. అందులో అబద్ధం లేదు. ఆ రోజు డెల్మా పట్టీ కూడా గులాబీయే అయింది.

అయితే వాగు అడుగున మడ్డి ఉండిపోయింది. నది పొంగినప్పుడల్లా కొత్త మడ్డి ఎదురెక్కుతోంది. వానలు ఆగిన రెండు వారాలకు పట్టీ నారింజ రంగులో ఆగిపోయేది, మూడు వారాలకు పసుపు. డెల్మా మానకుండా రోజూ ముంచేది. ముంచి, వచ్చి, వరండా స్తంభానికి ఆ రోజు పట్టీ గుచ్చేది. ఆడవాళ్లు బిందెలతో వెళ్తూ దాన్ని చూసేవారు. పసుపుగా ఉన్న రోజు ఒక్క క్షణం ఆగేవారు. తరవాత వాగుకే వెళ్లేవారు.

ఒకనాడు బుబు కెసియా వచ్చింది. ఆవిడ మెట్లెక్కి ఆ పట్టీ పీకి డెల్మా చేతిలో పెట్టింది.

"ఇక ఇది గుచ్చకు తల్లీ" అంది. "నీళ్లు తేగలిగితే తే. రంగొక్కటే తెస్తానంటే మాకొద్దు. ఇదివరకు తాగితే దాహం తీరేది. ఇప్పుడు ప్రతి గుక్కా నా మనవలకు నా చేత్తో విషం పోస్తున్నట్టుంటోంది. పోసేది మాత్రం మానలేం కదా."

ఆవిడ గొంతులో కోపం లేదు. డెల్మా తలపై చెయ్యి పెట్టి, మెట్లు దిగి, మెల్లగా వెళ్లిపోయింది.

డెల్మా ఆ నెలలోనే ఊరు విడిచింది. పట్టీలన్నీ మంచుపెట్టెలో సర్ది, మోర్స్‌బీలోని ఆ ప్రొఫెసరుకు పంపించేసింది. వేడికి ఎంత ఓర్చుకుంటాయో అందులో ఒక కాగితం మీద రాసిందట, ఇంకెవరూ పొరబడకుండా. వెళ్లే ముందు అక్క ఇంటి నిచ్చెన దగ్గర చాలాసేపు నిలబడింది. యూనిస్ లోపలే ఉంది, బయటికి రాలేదు. ఇప్పుడు డెల్మా మడాంగ్ పట్నంలో ఒక చిన్న బళ్లో లెక్కలు చెబుతోంది. సైన్సు కూడా చెప్పమంటే ఒప్పుకోలేదని విన్నాను. ఏడాదికోసారి ఉత్తరం రాస్తుంది. వాగు గురించి అడగదు.

నేను ఇక్కడే ఉన్నాను. ఫ్రిజ్‌కు కొత్త బ్యాటరీ వచ్చింది. గనివాళ్లు రెండు ట్యాంకులు ఇచ్చారు, వానలున్నన్నాళ్లు అవి నిండుతాయి. ఎండలు ముదిరి అవి అడుగంటాక తల్లులు వాంతులు చేసుకునే పిల్లల్ని ఎత్తుకుని నా దగ్గరికి వస్తారు. నేను ఓఆర్ఎస్ పొట్లం చింపి నీళ్లలో కలుపుతాను. ఆ నీళ్లు తుమ వాగువి. బాగా కాచానమ్మా, అంటాను. కాచితే క్రిములు పోతాయి గాని లోహం పోదని, నీరు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుందని డెల్మా నాకు ఎప్పుడో చెప్పింది. తల్లి గ్లాసు అందుకుని బిడ్డ నోటికి పెడుతుంది. బిడ్డ తల తిప్పుకుంటే, తాపమ్మా, కొంచెం కొంచెంగా తాపు, అంటాను.